ఛాయ

తెలుగున ఛాయ యను మాటకు అర్థములు పెక్కు. నీడ ఛాయ, ఒంటిరంగు ఛాయ, తల్లి పోలిక బిడ్డయందు కనబడినచో అదియు ఛాయయే. ఫొటోగ్రాఫునకు ఛాయాచిత్రమని పేరుపెట్టిన పెద్దలు ఈ యర్థములలో దేనిని మనసునందుంచుకొనిరో కాని, ఆ పేరునందలి చిక్కు మాకు చాలకాలము తోచలేదు. క్రిందటి సంవత్సరము మా మేనకోడలి ఛాయాచిత్రమును ఇంటికి తెచ్చిననాడు తోచినది.

ఆ పిల్ల మా అక్కయ్య కొమార్తె. తండ్రి లేడు. తల్లియు తానును మాయొద్దనే యుందురు. బ్యాంకులో ఉద్యోగము చేయుచున్నది. ఇరువదియైదవయేడు వచ్చెనుగదా యని అక్కయ్య ఒక సంబంధము విచారింపగా అవతలివారు ముందుగా ఫొటో పంపుమనిరి. మేమే వెంటబెట్టుకొని పోయి తీయించితిమి. మూడవనాడు అంగడికి పోయి కవరు విప్పి చూచితిమి. మా మేనకోడలు నలుపు. మా తల్లిగారి నలుపే ఆ పిల్లకు వచ్చినది. కవరులోని పిల్లదో, పొట్టుతీసిన బాదముపప్పు రంగు. పెదవి ప్రక్కనుండవలసిన పుట్టుమచ్చ లేదు. ముక్కు సన్నబడినది. అంగడివాడు మా ముఖము చూచి, “కొంచెం టచప్ చేశానండి. దానికి వేరే ఏమీ తీసుకోను” అనెను. మేము పైకము చెల్లించి, చిల్లర సరిచూచుకొని, ఇంటికి వచ్చితిమి. ఒక్కమాటయైనను అనలేదు.

ఆ సాయంకాలము పిల్ల దానిని చేతబట్టుకొని మా గదిలోనికి వచ్చి, “మామయ్యా, ఈ అమ్మాయి ఎవరు?” అని నవ్వుచు నడిగినది. మేము బదులు చెప్పుటకు ముందే అక్కయ్య వంటింటినుండి, “ఎవరైతే ఏం, బాగుందిగా!” అనెను. మేము పత్రిక చదువుచున్నట్లు నటించితిమి. తరగతిలో వీరేశలింగముగారి సంస్కారములను గురించి గంట కొట్టువరకు చెప్పగల నోరు ఇంటిలో మూతపడినది. ఫొటో పంపితిమి. వారు చూపులకు వచ్చిరి. వచ్చినవారిలో పెద్దావిడ పిల్లనును, చేతిలోని ఫొటోనును మార్చి మార్చి చూచి, ఏమియు ననక కాఫీ త్రాగి వెడలిపోయెను. అటుపిమ్మట జవాబు రాలేదు. ఆ చూపు ఎట్టిదో మేము వర్ణింపము. ఆడపిల్లలున్న యిండ్లవారికి వర్ణింపనక్కరలేదు.

ఇది జరిగిన నాలుగునెలలకు, సంక్రాంతికి ఊరు వచ్చుచు మా పూర్వవిద్యార్థిని యొకతె మాకొక పుస్తకము తెచ్చిపెట్టెను. ఆమె లండనులో నొక వైద్యశాలయందు నర్సు. మాయొద్ద చదువుకొనునపుడు నోటుపుస్తకముల వెనుకపుటలనిండ బొమ్మలు వేసెడిది. అందులకు మేము చీవాట్లు పెట్టితిమట, ఆమెయే జ్ఞాపకము చేసినది. 2023 జనవరిలో నొక సెలవుదినమున ఆమె థేమ్సు నది యొడ్డుననున్న టేట్ బ్రిటన్ చిత్రశాలకు పోయి, అచ్చట జరుగుచున్న యొక ప్రదర్శనమును చూచినదట. ఆ ప్రదర్శనపు పుస్తకమే యిది. దానిని మా చేతికిచ్చుచు, “మాస్టారూ, ఆ గదుల్లో ఉన్నంతసేపూ గోడలమీదివాళ్లెవరూ నన్ను ఎక్కడినుంచి వచ్చావని అడగలేదు” అనెను. పటములు మాటలాడునా యని మేము నవ్వితిమి.

చిత్రకారిణి పేరు లినెట్ యియాడం-బ్వాచే. ఇంగ్లీషు అక్షరములను నమ్ముకొని చదివినచో చివరిపదము బోక్యే యగును. తెలిసినవారు బ్వాచే యందురు. కావున ఈమెను లినెట్ అనియే పిలిచి చదువరులకు శ్రమ తప్పించెదము. ఈమె 1977లో లండనునందు జన్మించెను. తలిదండ్రులు ఆఫ్రికాలోని ఘనా దేశమునుండి వచ్చి ఇంగ్లండు ప్రభుత్వ వైద్యశాలలలో నర్సులుగా పనిచేసినవారు. మా విద్యార్థినికి ఆమెయం దభిమానము కలుగుటకు ఇదియు నొక కారణమై యుండవచ్చును. ఫాల్మత్ కళాశాలలోను, పిదప రాయల్ అకాడమీ పాఠశాలలోను చదువుకొని, 2013లో టర్నర్ బహుమానమునకు ఎన్నికచేసిన నలుగురిలో నొకతెయై, 2018లో అమెరికాలోని పిట్స్‌బర్గునందు కార్నెగీ బహుమానమును పొందెను. టేట్ బ్రిటన్‌లో ఈమె ప్రదర్శనము 2020 డిసెంబరున మొదలై, కరోనా వ్యాధివలన మూతపడి, ఐరోపాలో మూడు పట్టణములు తిరిగి, 2022 నవంబరున మరల అచ్చటికే చేరినది. రాత్రితో జతగూడి ఎగురుమను అర్థము వచ్చునట్లు దానికి పేరు పెట్టిరి.

పుస్తకము తెరచినతోడనే మేము చేసినపని ఉపాధ్యాయులందరు చేయుపనియే. పటము క్రింద పేరు వెదకితిమి. ఎఱ్ఱని పొడుగుచొక్కా తొడిగి కూర్చున్న పెద్దమనుష్యుడు; సముద్రపుటొడ్డున నీటిలోనికి వంగి చూచుచున్న ఇద్దరు బాలికలు; భుజముమీద పిల్లి నెక్కించుకొన్న యువకుడు. అందరును నల్లనివారు. వీరెవరు? వైద్యులా, వకీళ్లా, స్వాతంత్ర్యయోధులా? క్రింద పేర్లున్నవి గాని అవి మనుష్యుల పేర్లు కావు. పద్యపాదముల తునుకలవలె నున్నవి. వానివలన ఏమియు తెలియదు. తుదకు పుస్తకము మొదటికి వచ్చి చదువగా తేలినదేమనగా, వీరెవరును లేరు. పుట్టలేదు. చిత్రకారిణి యెదుట ఎవరును కూర్చుండలేదు. పాత ఛాయాచిత్రములనుండియు, పత్రికలనుండి కత్తిరించియుంచిన బొమ్మలనుండియు, ఇతర చిత్రకారుల పనినుండియు, తన జ్ఞాపకమునుండియు పోగుచేసికొని ఆమె వీరిని కల్పించినది.

రూపచిత్రమనగా ఒకానొకరి రూపము గదా. ఎవరిదియు గాని రూపమును రూపచిత్రమువలె వ్రాయుటయేల? ఈ ప్రశ్నకు సమాధానము ఆ పుస్తకములో కంటె ఆ దేశపు పాతగోడలమీద ఎక్కువగా దొరకును.

లండనులో జాతీయ రూపచిత్రశాల యొకటి యున్నది. 1856లో దానిని స్థాపించునపుడే పటము బాగున్నదా యని గాక, పటములోనివాడు ఘనుడా యని చూడవలెనని నిశ్చయించుకొనిరి. రాజదంపతులు తప్ప బ్రదికియున్నవారి పటములు లోనికి రాగూడదను నిబంధన 1969 వరకు నుండెను. ఆ శాలలో మిన్యార్ అను ఫ్రెంచివాడు 1682లో వ్రాసిన పటము కలదు. రెండవ చార్లెసు రాజునకు ప్రియురాలైన పోర్ట్స్‌మత్ డచెస్ అందు కూర్చున్నది. ఆమె చెంతనే ఒక నల్లని పసిపిల్ల ముత్యములు నిండిన శంఖమును, పగడపుకొమ్మను పట్టుకొని ఆమెవంక చూచుచున్నది. పిల్ల మెడలోను ముత్యములే. డచెస్ పుట్టుపూర్వోత్తరములు గ్రంథములలో దొరకును; ఆ పిల్ల పేరు ఎచ్చటను దొరకదు. ముత్యములును, పగడములును, పిల్లయు యజమానురాలి ఐశ్వర్యమును చూపుటకే అచ్చట నున్నవి. తెల్లని చేయి మరింత తెల్లగా కనబడుటకు ప్రక్కన నల్లని చెంప యొకటి కావలసి వచ్చినది. అద్దకపువాడు అంచుకు ముదురురంగు వేయునట్లు.

మనదేశపువారును ఆ గోడలమీద లేకపోలేదు. రెనాల్డ్సు 1765, 66 సంవత్సరములలో వ్రాసిన జార్జి క్లైవు కుటుంబచిత్రములో పిల్లను పట్టుకొనియున్న భారతదేశపు ఆయా కలదు. ఆ పటమిప్పుడు బెర్లిను నగరమునందున్నది. ఆయా పేరును అంతే. తెలుగువారికి మరింత దగ్గరిది ఇంకొకటి. 1816లో తామస్ హికీ యను చిత్రకారుడు కర్నల్ కాలిన్ మెకంజీగారి పటము వ్రాసెను. ఇప్పుడది లండనులో బ్రిటిష్ లైబ్రరీయందున్నది. ఎఱ్ఱకోటు తొడిగిన మెకంజీగారు నిలువుటెత్తున నున్నారు. చుట్టును మువ్వురు భారతీయులు. దుర్భిణి పట్టిన బంట్రోతు కిష్టాజీ. తాటాకుల పుస్తకము పట్టిన జైనపండితుడు ధర్మయ్య. మూడవయాయన మన ఏలూరి కావలి సోదరులలోని వెంకట లక్ష్మయ్యగారని చెప్పుదురు. మెకంజీగారి పేరుమీద నేడు మనము చదువుకొను కైఫీయతులు, శాసనముల నకళ్లు, గ్రామచరిత్రములు ఈ కావలి సోదరులును వారి క్రింది గుమాస్తాలును ఊరూర తిరిగి, కరణములను బ్రతిమాలి, మునసబులను మెప్పించి కూర్చినవి. మెకంజీగారికి మన భాషలు రావు. రాకున్నను పటమునకు నడుమ ఆయన, ప్రక్కన లక్ష్మయ్యగారు. హికీని తప్పుపట్టనక్కరలేదు. ఆ మువ్వురి ముఖములను శ్రద్ధగానే వ్రాసినాడు. కాని వారు ఆ పటములో నుండుటకు కారణము వారు కారు. ఆయనను తీసివేసినచో వారు అచ్చట నుండుటకు వీలులేదు.

ఇంతలోనే ఇంగ్లీషు చిత్రకారులను ఒక్కగాటను కట్టితిమేమో యని శంక. 1768లో బాత్ పట్టణమున గెయిన్స్‌బరో యనునాతడు ఇగ్నేషియస్ శాంచో యను నల్లనివాని పటము వ్రాసెను. శాంచో అప్పటికి ఒక డ్యూకుగారి యింట సేవకుడు. కాని పటములో సేవకుని దుస్తులు లేవు; పళ్లెము లేదు; యజమాని లేడు. ఎఱ్ఱని వెయిస్టుకోటులో చేయి దూర్చి, ఏదో ఆలోచించుచు ప్రక్కకు చూచుచున్నాడు. ఆ పటము ఒక గంట నలువది నిమిషములలో ముగిసెనని దాని వెనుక వ్రాసియుంచిరట. ఈ శాంచోయే తరువాత వెస్ట్‌మినిస్టరులో పచారుకొట్టు పెట్టుకొని, ఓటుహక్కు గలవాడై ఓటు వేసి, మంచి లేఖలు వ్రాసెను. అతడు చనిపోయినపిదప 1782లో అవి అచ్చైనవి. పటమిప్పుడు ఇంగ్లండులో గాక కెనడాలో నున్నది. నూరునిమిషముల పని; రెండున్నర శతాబ్దములు దాటినను ఆ ముఖము చల్లారలేదు.

ఇటీవల ఆ దేశమువారు తమ గోడలను తామే తిరిగి చూచుకొనుచున్నారు. 1982లో వుల్వర్‌హాంప్టనునందు నల్లజాతి యువచిత్రకారులు సభ చేసిరి. అందు పాల్గొన్న క్లాడెట్ జాన్సన్ నల్లని స్త్రీలను కాగితమంతయు నిండునట్లు నిలువెత్తున వ్రాయుచు, నలువదియేండ్లు ఓపికపట్టి, 2024లో టర్నర్ బహుమానపు జాబితాకెక్కెను. జాంజిబారులో పుట్టిన లుబైనా హిమీద్ 2017లో ఆ బహుమానమునే గెలుచుకొనెను. అప్పటికామెకు 63 ఏండ్లు. 1948 జూనులో విండ్‌రష్ అను ఓడ వెస్టిండీసువారిని ఇంగ్లండునకు తెచ్చిన 75 ఏండ్లకు, 2023లో, మూడవ చార్లెసు రాజు ఆ తరమువారిలో పదుగురి పటములను పదుగురిచేత వ్రాయించెను. ఇవన్నియు మంచిపనులే. మేము సంతోషించితిమి.

కాని ఈ మంచిపనులలో నొక మాట దాగియున్నది. మన యిండ్లలో అనుదినము విను మాటయే. “పిల్ల నలుపైనా కళైన ముఖం.” “నలుపైనా చదువుకుంది.” “నలుపైనా బుద్ధిమంతురాలు.” ఈ ‘ఐనా’ యను ప్రత్యయము వ్యాకరణములో చిన్నది, బ్రతుకులో పెద్దది. నలుపు నేరమనియు, కళయో చదువో బుద్ధియో దానికి చెల్లించు జుల్మానాయనియు అది చెప్పకయే చెప్పును. సేవకుడైనను వ్రాతగాడు గనుక శాంచో. వలసవచ్చినను సేవచేసినారు గనుక ఓడమీద వచ్చిన పెద్దలు. ఏ ఘనకార్యమును చేయని నల్లమనుష్యుడు, ఏమియు ఋజువు చేయనక్కరలేక, మధ్యాహ్నము గోడకు చేరగిలబడి కూర్చున్నవాడు, ఆ గోడమీదికి ఎప్పుడు రావలెను? తెల్లవారిలో అట్టివారు ఎందరు ఆ గోడలమీద లేరు! పూలు కోయుచున్నవారు, కునుకు తీయుచున్నవారు, ఏమియు తోచక కిటికీయొద్ద నిలిచినవారు. వారి యోగ్యతాపత్రములను ఎవరడిగిరి?

లినెట్ ఆ ప్రత్యయమును తీసివేసినది. ఈ సంగతి తోచినతరువాత ఆ పుస్తకమును మేము రెండవమారు మొదటినుండి చూచితిమి. ఈ మారు పేర్లు వెదకలేదు. ఆమె మనుష్యులు నవ్వుకొందురు, నృత్యమునకు కాలు సాచుదురు, సోఫామీద వాలి ఒకరినొకరు వినుచుందురు, కొందరు మనవంక తిన్నగా చూతురు. పలువురి కాళ్లకు చెప్పులుండవు. ఇది బీదతనమునకు గుర్తు కాదు; చెప్పులను బట్టి కాలము తెలిసిపోవునని ఆమె వానిని మానినదట. గదులలో కుర్చీతప్ప సామాను లేదు. ఏ ఊరో తెలియదు. ఏ సంవత్సరమో తెలియదు. పగడములు, ముత్యములు, పళ్లెములు లేవు. కాబట్టి వీరు ఎవరి ఐశ్వర్యమో, ఎవరి దయయో, ఎవరి పాపమో చెప్పుటకు వీలులేదు. మనుష్యుడు మాత్రము మిగులును. పెక్కుపటములను ఆమె ఒక్కదినములోనే, రంగు ఆరకమునుపే, ముగించునందురు. శాంచో పటమువ్రాసిన చేతివేగము మాకు జ్ఞాపకము వచ్చినది.

మాకు అన్నింటికంటె ఆశ్చర్యము కలిగించినది రంగు. చిన్ననాడు మేము అమరకోశము వల్లించితిమి. అందు నలుపునకు ఏడుపేర్లు గలవు. కృష్ణము, నీలము, శ్యామము, మేచకము మొదలుగా. వల్లించునపుడు ఏడుపేర్లును ఒక్కరంగువే యనుకొంటిమి. గురువుగారును అట్లే చెప్పిరి. ఈ పటములను దీపమునకు దగ్గరగా పట్టుకొని చూడగా ఒక్క చెంపమీదనే నీలము వేరు, మేచకము వేరు, క్రింద ఇటుకవంటి ఎఱుపు వేరు, దవడయొద్ద ఆకుపచ్చకు తిరిగిన పసుపు వేరు కనబడినది. వెనుకగోడయు చీకటియే, మనిషియు చీకటియే. అయినను మనిషి గోడనుండి విడివడి ముందుకు వచ్చుచున్నాడు. తెల్లని చేయి ప్రక్కన నిలిపినప్పుడు నలుపు వట్టి ఒక్కరంగు. నలుపు ప్రక్కన నలుపును నిలిపినప్పుడు అది ఇన్నిరంగులు. అమరసింహునకు ఈ సంగతి తెలిసియుండవచ్చును. మాకు నలువదియారవయేట తెలిసినది.

మన పూర్వులు చిత్రములను విభజించినతీరు ఇచ్చట పనికివచ్చును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి రాజధానిగా ఏలిన చాళుక్యరాజు సోమేశ్వరుడు తన మానసోల్లాసమను గ్రంథములో విద్ధచిత్రమని, అవిద్ధచిత్రమని రెండు చెప్పెను. అద్దములో ప్రతిబింబమువలె ఎదుటివాని పోలికను పట్టునది విద్ధము. ఎదుట ఎవరును లేక, తలపునకు వచ్చిన ఆకారమును వ్రాయునది అవిద్ధము. ఈ లెక్కను లినెట్ పటములన్నియు అవిద్ధములే. ఛాయాచిత్రమో, సోమేశ్వరుడు చూచియుండిన విద్ధములలో ఉత్తమమని మురిసిపోయి యుండును. మనుష్యుని చేతితో పనిలేక వెలుతురే పోలికను పట్టుచున్నది గదా! ఇట్లు తలచుచుండగా మా బల్లసొరుగులోని కవరు జ్ఞాపకమునకు వచ్చినది. జీవముగల పిల్లను ఎదుట కూర్చుండబెట్టి యంత్రముతో తీసినది అబద్ధమైనది. పుట్టనే పుట్టని పిల్లను కుంచెతో కల్పించినది నిజమువలె మనలను నిలువరించుచున్నది. అంగడివాడు చేసినది విద్ధమును కాదు, అవిద్ధమును కాదు. సోమేశ్వరుడు దానికి పేరు పెట్టలేదు.

అట్లని ఈ చిత్రకారిణిని మేము నిండుగా మెచ్చుకొంటిమని చదువరులు తలపరాదు. కొన్ని పటములలో చేతులు తొందరలో ముగించినట్లున్నవి. పటముల పేర్లు కొన్ని అర్థము వచ్చునట్లు చేయి చాచి, మనము పట్టుకొనబోవునంతలో వెనుకకు లాగుకొనును. ఇంతకంటె పెద్దసందేహ మొకటి కలదు. లండనులో నిజముగా బ్రదికియున్న నల్లనివారు లక్షలు. బస్సులు నడపుచున్నారు, ఆసుపత్రులలో రాత్రులు మేల్కొనుచున్నారు. వారిని విడిచి లేనివారిని వ్రాయుట న్యాయమా? పేరులేని ఆ ముత్యాల పిల్లకు పేరు వెదకి పెట్టవలసినచోట, పేరేలేని మరికొందరిని గోడకెక్కించుట యేమి పరిహారము? మాకైతే కావలి లక్ష్మయ్యగారిని ఒంటరిగా, కుర్చీమీద, తన కాగితములు ముందుంచుకొని కూర్చున్నట్లు చూడవలెనని కోరిక.

ఈ సందేహమునే మా విద్యార్థినికి ఫోనులో చెప్పితిమి. ఆమె రాత్రిపని ముగించుకొని ఇంటికి పోవుచుండెను. కొంతసేపు ఊరకుండి, “మాస్టారూ, నిజమైన మనిషిని వేస్తే చూసేవాళ్లు ముందు ఆ మనిషి ఏం చేసిందని అడుగుతారు. వార్డులో నన్ను కూడా ముందు అదే అడుగుతారు, ఎక్కడినుంచి వచ్చావు, ఎందుకు వచ్చావు అని. ఆ బొమ్మల్లో వాళ్లని అడగడానికి వీల్లేదు. ఊరికే చూడాలి” అనెను. మేము వెంటనే ఒప్పుకొనలేదు. ఇప్పటికిని సగమే ఒప్పుకొందుము. లక్ష్మయ్యగారి కుర్చీని మేము వదలము. కాని ఊరకే చూచుటయను మాట మమ్ములను విడువలేదు. చూపులకు వచ్చిన పెద్దావిడ చూచినది. అంగడివాడు చూచినాడు. మేమును చూచితిమి. ఊరకే చూచినవారెవరు?

పుస్తకము పదిదినములు మా బల్లమీద నుండెను. ఒకనాడు బ్యాంకునుండి వచ్చి మా మేనకోడలు దానిని తిరగవేయుచు, సముద్రపుటొడ్డున ఇద్దరు బాలికలున్న పుటయొద్ద నిలిచి, చాలసేపు చూచి, పుటను మూయకయే లేచిపోయి పని చూచుకొనినది. ఏమియు ననలేదు. మరునాడు మేము అంగడికి పోయి అసలు ఫొటోను, మార్చకమునుపటి దానిని, ఇమ్మంటిమి. “పాతవి ఉంచమండి, మార్చినదే ఉంటుంది” అని అంగడివాడు చెప్పెను. అనగా ఆనాటి పిల్ల ముఖము ఎచ్చటను మిగులలేదు.

మరల తీయవలసినదేయని తీయించితిమి. పిల్ల ఈమారు పట్టుచీర కట్టుకొననని చెప్పి, బ్యాంకుకు పోవు దుస్తులతోనే వచ్చినది. అంగడివాడు దీపములు సరిచేయుచుండగా మేము దగ్గరకు పోయి, రంగు మార్చవద్దని, మచ్చ తీయవద్దని, తిన్నగనే చెప్పితిమి. గొంతు కొంచెము వణకినమాట దాచనక్కరలేదు. అతడు విచిత్రముగా చూచి, “అందరూ తెల్లగా చేయమని అడుగుతారండి. వద్దని అడిగినవాళ్లు మీరే” యని, ధరమాత్రము తగ్గింపక, అట్లే తీసియిచ్చెను.

కొత్తఫొటో అక్కయ్య చేతికిచ్చితిమి. ఆమె కిటికీయొద్దకు పోయి, కండ్లద్దములు సవరించుకొని చూచెను. మేము దెబ్బలాటకు సిద్ధపడియుంటిమి. అక్కయ్య కొంతసేపటికి, “అచ్చం అమ్మలా ఉందిరా” అనెను. ముందటి ఫొటోలో ఆ పోలిక మాకిద్దరికిని కనబడలేదు.

ఇప్పుడు మరియొక సంబంధము వారు ఫొటో అడిగియున్నారు. పిల్లకు ఇష్టమే. అక్కయ్య ఫోనులో రెండు ఫొటోలును ఉన్నవి. పంపుట ఒక్కనిమిషపు పని. ఆరుదినములైనది, ఆమె ఇంకను ఏదియు పంపలేదు. కొత్తదియే పంపుమని మేము ఒకమారు చెప్పితిమి. రెండవమారు చెప్పుటకు ఈ సాయంకాలము కూర్చుండియున్నాము. అక్కయ్య వంటింటిలో నున్నది.